‘నొటోరియస్ రైటర్’ అంటే క్లాసంతా ఎందుకు నవ్వింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు మాటల గురించే ఉన్నాయి. పరీక్షల కోసం నేర్చుకునే ఇంగ్లీషు కాదు, కథలూ నవలలూ చదవడానికి, చదివింది నలుగురిలో మాట్లాడటానికి కావాల్సిన ఇంగ్లీషు. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఇదే పాఠం చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి నాకూ సరదాగా అనిపించి, మిగతా ప్రశ్నలన్నీ వచ్చేసారికి వాయిదా వేశాను. ఎవరి పేరూ వేయడం లేదు, ఊరు మాత్రం రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది నర్సంపేట దగ్గర పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హనుమకొండలో ఎం.ఏ. ఇంగ్లీష్ మొదటి సంవత్సరం. క్లాసులో వెనకబడుతున్నానని పదాల పుస్తకం ఒకటి కొని, ఆరు నెలల్లో పన్నెండు వందల మాటలు అర్థాలతో సహా బట్టీ పట్టాను. మొన్న సెమినార్‌లో ‘షేక్‌స్పియర్ ఈజ్ ఎ నొటోరియస్ రైటర్’ అన్నాను. క్లాసంతా నవ్వింది. నా పుస్తకంలో నొటోరియస్ అంటే ‘ప్రసిద్ధి చెందిన’ అనే ఉంది. అప్పటినుంచి నోరు తెరవాలంటే టెన్షన్. పైగా సిలబస్‌లో ఉన్న పాత నవల తెరిస్తే పేజీకి ఇరవై మాటలు తెలియవు, నేను బట్టీ పట్టినవేమో అందులో ఎక్కడా కనబడవు. ఏం చేయాలి? (ఒక విద్యార్థి, నర్సంపేట)

జవాబు: ముందు ఆ నవ్వు సంగతి తేల్చుకుందాం బిడ్డా. ‘ఘరానా’ అనే మాట నీకు తెలుసు. ఉర్దూలో దానికి అర్థం కుటుంబం, వంశం. హిందుస్తానీ సంగీతం పాడేవాళ్ళు ఫలానా ఘరానా అని గొప్పగా చెప్పుకుంటారు. అదే మాట మన పేపర్లోకి వచ్చేసరికి ఘరానా దొంగ, ఘరానా మోసం అయింది. ఇప్పుడు తెలుగు నేర్చుకుంటున్న పరాయి రాష్ట్రం మనిషి ఎవరో నిఘంటువు చూసి, మీ ఊరి బడిపంతుల్ని ‘ఈయన ఘరానా పంతులు’ అని సభలో పరిచయం చేశాడనుకో, జనం నవ్వరా? ఆ మనిషి తెలివి తక్కువవాడు కాదు, పాపం మాట అర్థం కూడా తప్పు చెప్పలేదు. ఆ మాట ఎవరితో తిరుగుతుందో అతనికి తెలియలేదు, అంతే. నొటోరియస్ కూడా అలాంటిదే, పేరు వచ్చిన మాట నిజమే గానీ చెడ్డపేరు. దానికి దోస్తులు క్రిమినల్, గ్యాంగ్‌స్టర్, జైలు వంటి మాటలు. షేక్‌స్పియర్ ఆ గుంపులో ఇమడడు.

మాటకు అర్థం ఒక్కటే ఉండదు, దోస్తులూ ఉంటాయి. చిక్కటి పాలు అంటాం, గాఢ నిద్ర అంటాం, చిమ్మచీకటి అంటాం. గాఢమైన పాలు అనం, చిమ్మనిద్ర అసలే అనం. ఎందుకూ అంటే చెప్పలేం, అమ్మ అలా అనగా విన్నాం కాబట్టి. ఇంగ్లీషులో టీ స్ట్రాంగ్, వాన హెవీ, నిద్ర డీప్. నీ పన్నెండు వందల మాటల పుస్తకం ప్రతి మాటనూ ఒంటరిగా తీసుకొచ్చి నీ ముందు నిలబెట్టింది, చుట్టాలూ లేరు, స్నేహితులూ లేరు, ఊరూ లేదు. అలాంటి మనిషితో నువ్వు మాత్రం ఏం మాట్లాడతావు? ఆరు నెలల కష్టం వృథా అనుకోకు, ఆ మాటలు ఎప్పుడైనా వాక్యంలో ఎదురైనప్పుడు ‘ఈ ముఖం ఎక్కడో చూశాను’ అనిపిస్తుంది, అదీ లాభమే. కానీ ఇక ఆ పుస్తకం మూసెయ్.

ఇంకో సంగతి, తెలంగాణలో పుట్టినవాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం ఇంకెవరికన్నా సులువు. మనం ‘అడుగు’ అంటాం, అది తెలుగు. ‘ప్రశ్నించు’ అంటాం, సంస్కృతం నుంచి వచ్చింది. ‘దర్యాప్తు’ అంటాం, అది ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా కచేరీలోకి వచ్చింది, నిజాం కాలంలో సర్కారు భాష ఉర్దూ కాబట్టి. పని ఒకటే, కానీ ఇంట్లో అడుగుతాం, సభలో ప్రశ్నిస్తాం, పోలీసులు దర్యాప్తు చేస్తారు. ఇంగ్లీషుకూ సరిగ్గా ఇదే కథ. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు, ఆ తర్వాత సుమారు మూడు వందల ఏళ్ళు కొలువులోనూ కోర్టుల్లోనూ ఫ్రెంచి నడిచింది. ఆ పైన చదువుకున్నవాళ్ళు లాటిన్, గ్రీకుల నుంచి మాటలు దింపుకున్నారు. అందుకే అక్కడ ఆస్క్ పాత ఇంటిమాట, క్వశ్చన్ ఫ్రెంచి నుంచి వచ్చింది, ఇంటరాగేట్ లాటిన్ మాట. మేపినంత కాలం అది షీప్, పళ్ళెంలోకి రాగానే మటన్, ఎందుకంటే మేపినవాడు ఇంగ్లీషువాడు, తిన్నది ఫ్రెంచి దొర. (మనం మేకమాంసాన్ని కూడా మటన్ అనేస్తాం, అది వేరే ముచ్చట.) నవల చదివేటప్పుడు ఇది ఎందుకు కావాలంటే, ఒక తండ్రి కొడుకును ‘ఆస్క్’ చేశాడని రాశాడా, ‘ఇంటరాగేట్’ చేశాడని రాశాడా అన్నదాంట్లోనే ఆ ఇంటి గాలి ఎలాంటిదో తెలిసిపోతుంది. అర్థం దగ్గర ఆగిపోయినవాడికి రెండూ ‘అడిగాడు’ గానే వినబడతాయి.

ఇక పాత నవల సంగతి. అందులో నిన్ను నిజంగా పడగొట్టేవి పెద్ద మాటలు కావు, తెలిసినట్టే కనబడే చిన్న మాటలు. జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో వచ్చింది. అందులో ఒక పాదిరీ తన దొరసాని ‘కండిసెన్షన్’ను పొగిడి పొగిడి చంపుతాడు. ఈ రోజు ఆ మాట అంటే తక్కువచేసి చూడటం, తిట్టు కింద లెక్క. అప్పట్లో పెద్దవాళ్ళు తమ హోదా పక్కన పెట్టి చిన్నవాళ్ళతో కలిసిమెలిసి ఉండటం, అంటే మెచ్చుకోలు. ఇది తెలియకపోతే ఆయన ఆమెను ఎందుకు తిడుతున్నాడా అని జుట్టు పీక్కుంటావు, తెలిస్తే ఆ పొగడ్త వెనక రచయిత్రి ముసిముసి నవ్వు కూడా వినబడుతుంది. ‘క్యాండర్’ అంటే ఇప్పుడు ముక్కుసూటితనం, ఆమె కాలంలో ఎదుటివాళ్ళలో మంచినే చూసే గుణం. ఆ నవల మొదటి వాక్యంలోనే వచ్చే ‘వాంట్’ కూడా కోరిక కాదు, లేకపోవడం. షేక్‌స్పియర్‌లో ‘వేర్‌ఫోర్’ అంటే ఎక్కడ అని కాదు, ఎందుకు అని. రోమియో ఎక్కడున్నావని జూలియెట్ వెతుకుతోందని రాసిన పేపర్లు నేను నా సర్వీసులో ఎన్ని దిద్దానో లెక్కలేదు. ఇవన్నీ వింతగా అనిపిస్తే మన ‘కంపు’ను తలచుకో, పాత కావ్యాల్లో అది పూల సువాసన. ‘చీర’ ఒకప్పుడు మగవాళ్ళు కట్టే బట్టకూ పేరే.

చేసే పని చెబుతాను. అధ్యాయం మొదటిసారి చదివేటప్పుడు డిక్షనరీ ముట్టుకోవద్దు. తెలియని మాట కింద పెన్సిల్‌తో చుక్క పెట్టి ముందుకు పో, ఎంత దురద పుట్టినా ఆగొద్దు, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడుతున్నారో తెలిస్తే చాలు. రెండోసారి చదివేటప్పుడు ఆ చుక్కల్లో కొన్ని తమంతట తామే అర్థమైపోయి ఉంటాయి. మిగిలినవాటిలో మళ్ళీ మళ్ళీ వచ్చేవి, వాక్యాన్ని పూర్తిగా మూసేసేవి ఒక ఐదారు మాత్రం వెతుకు. గుర్రపు బండ్ల రకాలూ, టోపీల పేర్లూ వదిలేసెయ్, అవి తెలియకపోయినా కథ నడుస్తుంది. నోట్‌బుక్‌లో మాటా, దాని పక్కన అర్థమూ రాయకు. ఆ మాట ఉన్న వాక్యం మొత్తం రాయి. కింద ఆ సందర్భంలో మీ అమ్మ అయితే ఏమనేదో తెలుగులో రాయి, మీ ఊరి మాటలోనే. ఇది పిచ్చిపని అనిపించవచ్చు గానీ, ‘మెలంకలీ’ పక్కన ‘విచారం’ అని రాసుకున్న పిల్లలు నెల తిరిగేసరికి మరిచిపోయారు, ‘మనసు మనసుల లేదు’ అని రాసుకున్న పిల్ల ఇప్పటికీ ఫోన్ చేసి ఆ మాట వాడుతుంది.

మరిచిపోవడం గురించి కూడా ఒక మాట. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే పరీక్షించుకుని 1885లో అచ్చు వేశాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజున చాలా వేగంగా జరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అంటే ఒకేసారి నాలుగు గంటలు చదివేకన్నా మరునాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి, నెలకు ఒకసారి చూడటం మేలు. 1970ల్లో లైట్నర్ అనే రచయిత దీన్ని అట్టపెట్టె ఆటగా మార్చాడు. పెట్టెలో ఐదు అరలు. కార్డు మీది మాట గుర్తొస్తే తర్వాతి అరలోకి, రాకపోతే మళ్ళీ మొదటి అరలోకి. మొదటి అర రోజూ, చివరి అర ఎప్పుడో ఒకసారి. ఫోన్లో వచ్చే కార్డుల యాప్‌లు చాలా వరకు ఈ లెక్క మీదే నడుస్తాయి. చెప్పుల డబ్బా కూడా చక్కగా పనికొస్తుంది. నర్సంపేట బస్సులో కిటికీ సీటు దొరికితే పది కార్డులు తిప్పొచ్చు, దొరక్కపోతే నిలబడి ఐదు.

సెమినార్‌లో మళ్ళీ మాట్లాడు. ‘ఫేమస్’ అను. ఏం తక్కువ దానికి?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను బ్యాంకు ఉద్యోగిని. మేము నలుగురు స్నేహితురాళ్ళం నెలకొక ఇంగ్లీషు నవల చదివి, ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటాం. చదవడం బాగానే చదువుతాను. మాట్లాడాల్సి వస్తే మాత్రం గుడ్, నైస్, బోరింగ్, ‘ఐ ఫెల్ట్ వెరీ మచ్’ తప్ప ఏమీ రావు. మనసులో ఉన్నది బోలెడు. హీరోయిన్ క్యారెక్టర్ బాగాలేదంటే ఒకామె ‘పాపం, ఆమె ఏం తప్పు చేసింది?’ అని గొడవకు దిగింది. (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: మీ గొడవ వెనక ఉన్న దొంగ ఎవరో నాకు దొరికాడు. మనం రోజూ తెలుగులో వాడే ఇంగ్లీషు మాటలు మన దగ్గర వేరే బతుకు బతుకుతున్నాయి. ‘క్యారెక్టర్ మంచిది కాదు’ అంటే మన ఇళ్ళలో నడత మంచిది కాదని. నవల గురించి మాట్లాడేటప్పుడు క్యారెక్టర్ అంటే పాత్ర, ఆ పాత్రను సరిగ్గా చెక్కలేదని మీరు అనబోయారు, ఆమెకు శీలం మీద నింద వేసినట్టు వినబడింది. ‘ఫీలయ్యాను’ అంటే మనకు నొచ్చుకున్నానని, ఇంగ్లీషులో ఫీల్ అంటే ఏదైనా కావచ్చు కాబట్టి ‘ఐ ఫెల్ట్ వెరీ మచ్’ అని ఆపేస్తే వినేవాళ్ళు ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తారు. ‘సెంటిమెంట్’ మనకు శుక్రవారం డబ్బులు బయటకు ఇవ్వకపోవడం, వాళ్ళకు మనసులోని భావం. ‘డైలాగ్’ మనకు ఈల వేయించే ఒక్క వాక్యం, వాళ్ళకు ఇద్దరి మధ్య సంభాషణ. కామెడీ అంటే మనం పగలబడి నవ్వించేదే అనుకుంటాం, షేక్‌స్పియర్ కామెడీల్లో కడుపుబ్బ నవ్వించనివీ ఉన్నాయి, చివరికి చిక్కులు విడి పెళ్ళిళ్ళతో ముగిస్తే అది కామెడీ. రొమాంటిక్ కవులంటే ప్రేమకవులు కారు, 1798 నుంచి మొదలైందని సాధారణంగా లెక్కపెట్టే ఒక కవిత్వ ఉద్యమం వాళ్ళు. ఇక ప్లాట్ అంటే, వరంగల్‌లో పుట్టిన ఎవరినైనా అడగండి, రెండు వందల గజాలు, తూర్పు ఫేసింగ్.

ఆ ప్లాట్ గురించి ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో ఒక చక్కని తేడా చెప్పాడు. రాజు చనిపోయాడు, తర్వాత రాణి చనిపోయింది అంటే అది కథ. రాజు చనిపోయాడు, ఆ దుఃఖంతో రాణి చనిపోయింది అంటే ప్లాట్. ‘ఎందుకు’ అన్నది వచ్చి చేరాలి. మనుషులను ఫ్లాట్, రౌండ్ అని విడదీసింది కూడా ఆయనే. ఒకే గుణంతో కథంతా నడిచేది ఫ్లాట్ పాత్ర, నమ్మదగినట్టుగానే మనల్ని ఆశ్చర్యపరచగలిగేది రౌండ్ పాత్ర. ఫ్లాట్ అంటే చెత్త అని కాదు, ప్రతి కథలోనూ నాలుగు ఫ్లాట్ పాత్రలు కావాలి. ‘హీరోయిన్ క్యారెక్టర్ బాగాలేదు’ బదులు ‘ఆమె నాకు ఫ్లాట్‌గా అనిపించింది’ అని ఉంటే ఆ ఆదివారం టీ చల్లారకుండా తాగి ఉండేవాళ్ళు.

మీరు పెద్ద పెద్ద విశేషణాలు నేర్చుకోవాల్సిన పని లేదు. చర్చను నడిపేవి క్రియలు. ‘ద ఆథర్ సేస్’ అని ప్రతిసారీ అనకుండా, సజెస్ట్ చేస్తున్నాడా, హింట్ ఇస్తున్నాడా, ఇంప్లై చేస్తున్నాడా చూసుకోండి. ఇంప్లై చేసేది రచయిత, దాన్ని ఇన్ఫర్ చేసేది మీరు. ధ్వనింపజేయడం ఆయన పని, పట్టుకోవడం మన పని. ఈ రెండూ తారుమారు చేయడం ఇంగ్లీషువాళ్ళకు కూడా అలవాటే, కాబట్టి బెంగపడకండి. యాంబిగ్యుయస్, యాంబివలెంట్ అని ఇంకో జత ఉంది, మొదటిది రెండు అర్థాలు, రెండోది రెండు మనసులు. ముగింపు యాంబిగ్యుయస్‌గా ఉండొచ్చు, పెళ్ళి విషయంలో ఆ అమ్మాయి యాంబివలెంట్‌గా ఉండొచ్చు. టోన్ అంటే చెప్పేవాడి గొంతు తీరు, మూడ్ అంటే అది విన్నాక గదిలో కమ్ముకునేది. చైల్డ్‌లైక్ మెచ్చుకోలు, చైల్డిష్ చీవాట్లు. ‘సింపథెటిక్ క్యారెక్టర్’ అంటే జాలిగుండె ఉన్న పాత్ర అనే కాదు, మన సానుభూతి గెలుచుకున్న పాత్ర అని, ఆ మనిషి హంతకుడే కావచ్చు.

అందరినీ తిప్పలు పెట్టేది ఐరనీ. సర్కాజమ్ సులువు, ఎత్తిపొడుపు, మన అత్తగార్ల సొత్తు. ఐరనీ అంతకన్నా లోతు. మీరు ఇంటర్‌లో వ్యాజస్తుతి చదివారు గుర్తుందా, పైకి పొగడ్త, లోపల నింద. మాటల్లోని ఐరనీకి అది దగ్గరి చుట్టం. రెండోది నాటకంలోని ఐరనీ. కీచకవధ బాగోతం ఎప్పుడైనా చూశారా? చీకట్లో ద్రౌపది తన కోసం ఎదురుచూస్తోందని కీచకుడు అత్తరు పూసుకుని, మురిసిపోతూ నర్తనశాలకు వస్తుంటాడు. లోపల ఉన్నది భీముడని చాపల మీద కూర్చున్న చిన్న పిల్లలకు కూడా తెలుసు, వాడొక్కడికే తెలియదు. వాడు ఎంత మురిస్తే మనకు అంత ఒళ్ళు జలదరిస్తుంది. దాన్నే డ్రమాటిక్ ఐరనీ అంటారు. ఉపమ వాళ్ళ సిమిలీ, రూపకం మెటఫర్, అతిశయోక్తి హైపర్బొలీ, శ్లేష పన్. ‘అన్‌రిలయబుల్ నరేటర్’ అని వేన్ బూత్ 1961లో పెట్టిన పేరు ఒకటి ఉంది, కథ చెప్పేవాడి మాట పూర్తిగా నమ్మడానికి వీల్లేదని. పంచాయితీలో ఒక్క పక్షం మాటే విని తీర్పు చెబితే ఏమవుతుందో తెలిసిన ఊళ్ళవాళ్ళం మనం, దీన్ని కొత్తగా నేర్చుకునేది ఏముంది, పేరు ఒక్కటే కొత్త.

‘నైస్’ను మాత్రం కొన్నాళ్ళు ఇంట్లో వదిలేసి వెళ్ళండి. లాటిన్‌లో దాని మూలానికి అర్థం ‘ఏమీ తెలియని’ అని, ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తల్లో తెలివి తక్కువవాడిని నైస్ అనేవాళ్ళు. నచ్చింది అని చెప్పాలంటే ఫలానా పేజీలో ఫలానా పని చూసి నచ్చింది అని చెప్పండి, విశేషణమే అక్కర్లేదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. చదివి నేర్చుకున్న మాటలు ఎక్కువ, విన్నవి తక్కువ. సాహిత్యం గురించి మాట్లాడుతుంటే ఉచ్చారణ తప్పుతుందేమోనని భయం. (ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్)

జవాబు: ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రెండేళ్ళపాటు హైపర్‌బోల్, హైపర్‌బోల్ అంటూ పాఠం చెప్పాను. ఒక పెద్ద లెక్చరర్ స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేనప్పుడు చూసి ‘అమ్మా, అది హైపర్బొలీ’ అని చెవిలో వేశారు. భూమి చీలితే బాగుండు అనుకున్నాను. రెండు బ్యాచ్‌ల పిల్లలు ఆ తప్పును ఏ ఊళ్ళకు మోసుకుపోయారో. ఎపిటోమ్ కాదు ఎపిటమీ. సబ్టిల్‌లో బి పలకదు, సటిల్. పాయిగ్నంట్‌లో జి పలకదు, పాయిన్యంట్. జెనర్ కాదు, ఝాన్ర. బూర్జువాను మాత్రం మన వరంగల్ వాళ్ళు ఎవరూ తప్పు పలకరు, గోడల మీద రాతలు చదువుతూ పెరిగాం కదా.

మన లిపి ఇక్కడ వరం. కొత్త మాట ఆన్‌లైన్ డిక్షనరీలో వినగానే తెలుగులో రాసి పెట్టుకోండి, స్పెల్లింగ్‌ను కాదు, విన్నదాన్ని. అయితే మన లిపిలో పట్టుబడనిది ఒకటుంది, ఊనిక. మనం అక్షరాలన్నిటికీ ఇంచుమించు సమానంగా బరువు పెడతాం, ఇంగ్లీషువాళ్ళు ఒక్కదాని మీదే కూర్చుంటారు. పైగా మాట పెరిగితే ఆ కూర్చునే చోటు మారుతుంది. కామెడీలో ‘కా’ మీద, కమీడియన్‌లో ‘మీ’ మీద. ఐరనీలో ‘ఐ’ మీద, ఐరానిక్‌లో ‘రా’ మీద. కాబట్టి ఊనిక పడే అక్షరం కింద గీత గీయండి. ఇక యాస గురించి అడగకండి, కరీంనగర్ యాసలో షేక్‌స్పియర్ బ్రహ్మాండంగా ఉంటాడు.

ప్రశ్న: అసలు ఎన్ని మాటలు వస్తే ఇంగ్లీషు నవల హాయిగా చదవొచ్చు? ఒక అంకె చెప్పండి మేడమ్. (ఒక రైల్వే ఉద్యోగి, కాజీపేట)

జవాబు: టైంటేబుల్ అలవాటున్న మనిషి అని తెలుస్తూనే ఉంది. పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు 2006లో లెక్క కట్టాడు, ఎవరి సాయమూ లేకుండా నవలలూ పేపర్లూ చదవాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల మాటల కుటుంబాలు తెలియాలని. కుటుంబం అంటే నేషన్, నేషనల్, నేషనాలిటీ అన్నీ కలిపి ఒకటి. అప్పుడు పుస్తకంలో నూటికి 98 మాటలు తెలిసి ఉంటాయి. 300 మాటల పేజీలో తెలియనివి ఆరు. 95కు దిగితే పేజీకి పదిహేను, అప్పటికే ఆయాసం మొదలవుతుంది. పైన ఉత్తరం రాసిన నర్సంపేట అబ్బాయికి పేజీకి ఇరవై అంటే నూటికి ఏడు దాకా తెలియడం లేదన్నమాట, అతనికి ఆ నవల కష్టంగా ఉండటంలో వింతేమీ లేదు.

ఈ అంకె చూసి గుండె జారిపోకండి. తొమ్మిది వేలు పూర్తయ్యాక చదవడం మొదలుపెడదాం అనుకుంటే ఈ జన్మకు రైలు కదలదు. పేజీకి ఐదారు తెలియని మాటలుండే పుస్తకంతో మొదలుపెట్టండి. ఆర్.కె. నారాయణ్ మొదటి నవల 1935లో వచ్చింది, ఇప్పటికీ అంత తేట ఇంగ్లీషు అరుదు. పైగా ఆ వీధులూ ఆ మనుషులూ మనకు తెలిసినవే, మాట తెలియకపోయినా సంగతి తెలుస్తుంది. కాలేజీ వ్యాసాలు, విమర్శ చదివేవాళ్ళకు ఇంకో అడ్డదారి ఉంది. ఆవరిల్ కాక్స్‌హెడ్ 2000లో చదువుల రాతల్లో తరచుగా వచ్చే 570 మాటల కుటుంబాలను ఒక పట్టికగా వేసింది. జాబితాలంటే నాకు పడదు గానీ ఈ ఒక్కదానికి మినహాయింపు ఇస్తాను. ఇందులోవి విమర్శ వ్యాసాల్లో మళ్ళీ మళ్ళీ కనబడుతూనే ఉంటాయి కాబట్టి దోస్తులు కూడా వాటంతట అవే తెలుస్తాయి.

ప్రశ్న: ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ కొనాలా, ఇంగ్లీష్-ఇంగ్లీష్ కొనాలా? (ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: రెండూ, కానీ వేర్వేరు పనులకు. తెలుగు అర్థం ఇచ్చేది దారి చూపిస్తుంది, తోడు రాదు. నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన ఇంగ్లీష్-ఇంగ్లీష్ డిక్షనరీలో ఉదాహరణ వాక్యం ఉంటుంది, అసలు విషయం అక్కడే ఉంది. హార్న్‌బీ అనే ఆయన జపాన్‌లో పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ వాళ్ళ తప్పులు చూసి తయారుచేసింది 1942లో టోక్యోలో అచ్చయింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు తీసుకున్నారు, అదే ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్. 1978లో మొదటిసారి వచ్చిన లాంగ్‌మన్ దాదాపు రెండు వేల తేలిక మాటలతోనే అర్థాలన్నీ చెబుతుంది. ఒకటి కొనండి చాలు, పాతదైనా ఫర్వాలేదు. చిన్న జేబు డిక్షనరీలు కొనకండి, వాటిలో అర్థం ఉంటుంది, వాక్యం ఉండదు. నొటోరియస్ గొడవ అక్కడే పుట్టింది. ఇక ఫోన్లో చదివేవాళ్ళకు, పాత నవలలు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. చాలా రీడింగ్ యాప్‌లలో మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే అర్థం కనబడుతుంది. అదే దాని ప్రమాదం కూడా, ప్రతి మాటనూ నొక్కాలనిపిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రంతా తెలుగు నవలలు చదువుతోంది. ఇంగ్లీషు బాగా వచ్చేదాకా తెలుగు పుస్తకాలు ముట్టొద్దని తీసి బీరువాలో పెట్టాను. మంచి పనే కదా? (ఒక తండ్రి, మహబూబాబాద్)

జవాబు: కాదన్నా. పైన బ్యాంకు ఉద్యోగినికి ఐరనీ చెప్పడానికి నాకు కీచకుడు కావాల్సి వచ్చాడు చూశారా. కథ చదువుతూ ‘వీడు పైకి ఇలా అంటున్నాడు గానీ లోపల ఇంకేదో ఉంది’ అని పట్టుకోవడం మీ అమ్మాయి తెలుగులో నేర్చుకుంటోంది, అది ఇంగ్లీషులో మళ్ళీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు. రాత్రంతా అంటే మాత్రం పదకొండు గంటలకు లైటు ఆర్పించండి, నిద్ర కూడా కావాలి కదా. బీరువా తాళం ఈ రోజే తీయండి. ఏ పేజీ దగ్గర ఉండగా లాక్కున్నారో, పాపం ఆ పిల్లకు గుర్తుందో లేదో.